దగ్గులన్నీ క్షయ కావు



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి పంపమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. చరిత్ర అనగానే మన ప్రాంతం వారికి పెనుకొండ కోట, లేపాక్షి బసవయ్య, కదిరి నరసింహస్వామి గుర్తుకు వస్తారు. వాటిని గురించి నాకన్న బాగా తెలిసినవారు మనలో చాలామంది ఉన్నారు. కనుక నేను ఆ జోలికి పోకుండా ఒక జబ్బు చరిత్ర వ్రాయదలిచాను. జబ్బుకు చరిత్ర ఏమిటని నవ్వకండి. మనిషికి ఉన్నట్టే జబ్బుకు కూడా పుట్టిన ఊరు, పేరు పెట్టినవారు, మందు కనిపెట్టినవారు ఉంటారు.

మన ఇళ్ళల్లో "ఈస్నోఫీలియా" అనే మాట తెలియనివారు లేరు. నాలుగు రోజులు తుమ్ములు వచ్చినా, వేరుశనక్కాయల మిషను దగ్గర దుమ్ము పీల్చి దగ్గినా, "ఈస్నోఫీలియా ఉందట" అనేస్తాము. ఇంత వాడుకలో ఉన్న ఈ మాట వెనుక ఒక అసలు జబ్బు ఉంది. దాని వైద్య పరిశోధన మొదలైన చోటు లండనూ కాదు, అమెరికా కూడా కాదు. మన ముదిగుబ్బ స్టేషన్లో రైలెక్కితే కదిరి, ములకలచెరువు దాటి వచ్చే మదనపల్లె. ఆ పరిశోధన వల్ల క్షయ అని ముద్ర పడవలసిన ఎందరో మనుషులు ఆ ముద్ర నుంచి తప్పించుకున్నారు. ఆ సంగతి మనవాళ్ళకే సరిగా తెలియదు. అందుకే ఈ వ్యాసం.

రైలు దారిలో ఒక ఆస్పత్రి

ధర్మవరం నుంచి ముదిగుబ్బ, కదిరి, మదనపల్లె రోడ్డు, పీలేరు మీదుగా పాకాల దాకా పోయే రైలు మార్గం మన పెద్దల కాలం నుంచీ ఉన్నదే. పాకాల నుంచి ఇంకో దారి కాట్పాడికి పోతుంది. కాట్పాడిలో దిగితే వేలూరు. మీటరు గేజి రోజుల్లో మన వైపు నుంచి పెద్ద రోగం వచ్చినవారు ఈ దారినే పట్టేవారు. ఛాతీ జబ్బు అయితే మదనపల్లె దగ్గర దిగడం, మరేదైనా అయితే వేలూరు దాకా పోవడం.

మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 2,200 అడుగుల ఎత్తున ఉంది. పొడిగాలి, చల్లని వాతావరణం. 1919లో రవీంద్రనాథ ఠాగూరు గారు అక్కడి కళాశాలలో కొద్దిరోజులు ఉండి, "జనగణమన" గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించినది ఆ ఊళ్ళోనే. ఆ ఊరికి దగ్గరలో పలు క్రైస్తవ మిషన్లు చేయి కలిపి క్షయ రోగుల కోసం ఒక శానిటోరియం పెట్టాయి. 1912లో పని మొదలై, 1915లో ఆస్పత్రి తెరుచుకుంది. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు వచ్చింది. దానికి మొదటి సూపరింటెండెంటు డెన్మార్కు దేశం నుంచి వచ్చిన మిషనరీ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోల్లర్ గారు.

ఆ రోజుల్లో క్షయకు మందు లేదన్నది మనం గుర్తుంచుకోవాలి. స్ట్రెప్టోమైసిన్ గురించి లోకానికి తెలిసింది 1944లో. ఐసోనియజిడ్ వచ్చింది 1952లో. అంతకు ముందు రోగికి చేయగలిగినది ఏమిటంటే మంచి గాలి, మంచి తిండి, మంచం మీద నెలల తరబడి విశ్రాంతి. కొందరికి ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరల మధ్యకు సూదితో గాలి ఎక్కించి, ఆ ఊపిరితిత్తిని కొన్నాళ్ళు ముడుచుకొని ఉండేట్టు చేసేవారు. గొంతుకకు క్షయ పాకినవారిని అసలు మాట్లాడవద్దనేవారు. ఏం కావలసినా కాగితం మీద వ్రాసి చూపించాలి, లేదా సైగ చేయాలి.

ఇటువంటి చోట వైద్యుడికి మందుల బలం తక్కువ. చూపు బలం మీదే ఆధారపడాలి. రోజూ జ్వరం చూడాలి, బరువు తూచాలి, తెమడను సూక్ష్మదర్శిని కింద పెట్టి క్షయ క్రిములు ఉన్నాయా లేవా చూడాలి, రక్తం పరీక్షించాలి, ఎక్స్‌రే తీయాలి. ఇవన్నీ ఒక రోగి పేరు మీద నెలల తరబడి నమోదు కావాలి. జీవితమంతా రిజిస్టర్ల మధ్య గడిపిన నాకు ఇందులో ఒక విషయం కనపడుతుంది. రిజిస్టరు ఒక పేజీ చూస్తే ఏమీ తెలియదు. పదేళ్ళ రిజిస్టర్లు వరుసగా తిరగేస్తే లెక్కకు రాని ఎంట్రీలు వాటంతట అవే బయటపడతాయి. ఆరోగ్యవరంలో జరిగింది అదే.

1940 సంవత్సరం

శానిటోరియానికి క్షయ అని వచ్చినవారిలో కొందరి లెక్క కుదరలేదు. దగ్గు ఉంది, అదీ రాత్రుళ్ళు ఎక్కువ. కొద్దిగా జ్వరం ఉంది. బరువు తగ్గారు. ఆయాసం ఉంది, ఛాతీలో పిల్లికూతలు ఉన్నాయి. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న చుక్కలు. క్షయలో ఒక రకానికి "మిలియరీ" అని పేరు. ఆ మాట చిరుధాన్యపు గింజ అనే అర్థం నుంచి వచ్చింది. మన మెట్ట పొలం భాషలో చెప్పాలంటే ఎక్స్‌రే మీద కొర్రలు చల్లినట్టు ఉంటుంది. అది చాలా ప్రమాదకరమైన క్షయ. ఈ రోగుల ఎక్స్‌రేలు కూడా ఇంచుమించు అట్లాగే కనిపించేవి.

కాని తెమడలో క్రిమి లేదు. ఎన్నిసార్లు చూసినా లేదు. అంత ఘోరమైన క్షయే అయితే మనిషి త్వరగా క్షీణించాలి. వీరు క్షీణించడం లేదు. పైగా రక్తం చూస్తే ఒక రకం తెల్లకణాలు విపరీతంగా పెరిగి ఉన్నాయి.

ఆ కణాల సంగతి రెండు మాటల్లో చెబుతాను. రక్తంలో తెల్లకణాలు కొన్ని రకాలు. 1879లో జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ గారు రక్తపు చుక్కకు రంగులద్ది చూస్తుండగా, ఒక రకం కణాలు "ఈసిన్" అనే ఎర్రటి రంగును బాగా పట్టుకుంటున్నాయని గమనించారు. ఈసిన్ అంటే ఇష్టపడేవి కాబట్టి వాటికి ఈసినోఫిల్ అని పేరు పెట్టారు. ఆరోగ్యవంతుడి రక్తంలో ఇవి ఘన మిల్లీమీటరుకు 500 లోపు ఉంటాయి. నేను చెబుతున్న జబ్బులో 3,000 దాటిపోతాయి, కొందరిలో పదివేల పైన కూడా ఉంటాయి.

ఫ్రిమోట్ మోల్లర్ గారూ, బార్టన్ అనే మరో వైద్యులూ కలిసి ఇటువంటి రోగుల వివరాలను క్రోడీకరించి, 1940లో "ఇండియన్ మెడికల్ గెజెట్" అనే పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. ఈసినోఫీలియాతో కూడిన, క్షయను పోలిన ఒక స్థితి అని దాని శీర్షికకు అర్థం. జబ్బుకు కారణం ఏమిటో వారు తేల్చలేదు. పెద్ద పేరు కూడా పెట్టలేదు. చూడడానికి క్షయలా ఉన్నా ఇది క్షయ కాదు, వేరే ఏదో ఉంది అని మాత్రం గట్టిగా చెప్పారు.

ఇది చిన్న మాట కాదు. క్షయ ఆస్పత్రికి క్షయ రోగి అని చీటీతో వచ్చిన మనిషిని, క్షయ వైద్యంలోనే పేరు పొందిన వైద్యుడు "ఇతనికి క్షయ లేదు" అనడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆఫీసులో ఏ విషయానికీ చెందని కాగితం వస్తే చాలామంది ఏం చేస్తారు? దగ్గరగా ఉన్న పాత ఫైల్లో తోసేసి చేతులు దులుపుకుంటారు. వీరు అట్లా చేయక కొత్త ఫైలు తెరిచారు.

పేరు పెట్టినవారు

మూడేళ్ళ తర్వాత 1943లో, భారతదేశంలో పనిచేస్తున్న వైన్‌గార్టెన్ అనే వైద్యుడు 81 మంది రోగుల వివరాలతో లండన్ "లాన్సెట్" పత్రికలో వ్యాసం వ్రాశారు. ఆయనే దీనికి "ట్రాపికల్ ఈసినోఫీలియా", అంటే ఉష్ణమండల ఈసినోఫీలియా అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది. అప్పట్లో సవాయి రోగానికి ఇచ్చే ఆర్సెనిక్ ఇంజెక్షన్లు ఈ రోగులకు గుణం ఇస్తున్నాయని కూడా ఆయన చెప్పారు. ఆర్సెనిక్ అంటే మన పాషాణమే. రోగం తగ్గేది గాని మందు ప్రమాదకరమైనది. అయినా పదేళ్ళకు పైగా అదే వాడారు.

ఆ మందు ఎందుకు పనిచేస్తోంది? ఆ కణాలు ఎందుకు పెరుగుతున్నాయి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరకలేదు. కొందరు పురుగు ఉంది అన్నారు, కొందరు దుమ్ములోని సూక్ష్మమైన కీటకాలు అన్నారు. జవాబు ఇంకో దారి నుంచి వచ్చింది. ఆ దారిలో మన తెలుగువాడు ఒకరు ఉన్నారు.

భీమవరం బిడ్డ చేసిన మేలు

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీకు కొత్త కాదు. 1995లో తపాలా శాఖ వారు ఆయన బొమ్మతో స్టాంపు వేశారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి, అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ వంటివి ఆయన నాయకత్వంలో జరిగిన పనులు.

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ ద్వీపాలకు వెళ్ళిన అమెరికా సైనికులకు ఫైలేరియా, అంటే మన కోస్తా జిల్లాల్లో బోదకాలు తెప్పించే పురుగు, సోకింది. దానికి మందు కావలసి వచ్చింది. సుబ్బారావు గారి కింద పనిచేసే బృందం పత్తి ఎలుకలు అనే ఒక జాతి ఎలుకల్లో ఉండే ఫైలేరియా పురుగుల మీద ఎన్నో రసాయనాలను పరీక్షించి, చివరకు డైఇథైల్ కార్బమజైన్ అనే దాన్ని ఎంచుకున్నారు. 1947లో ఆ సంగతి ప్రకటించారు. కంపెనీ దాన్ని "హెట్రజాన్" పేరుతో అమ్మింది. మన మందుల షాపుల్లో "బానోసైడ్" పేరుతో దొరికేది కూడా ఇదే మందు. మరుసటి సంవత్సరం, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు.

ఈ మందు బోదకాలు పురుగు కోసం తయారైనది. దగ్గుతో దీనికి సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు. 1955లో మన దేశంలో గణాత్రా, లూయిస్ అనే వైద్యులు దీన్ని ట్రాపికల్ ఈసినోఫీలియా రోగులకు ఇచ్చి గుణం కనిపించిందని వ్రాశారు. 1958లో సింగపూరులో దనరాజ్ గారు మరింత వివరంగా అదే సంగతి నిరూపించారు. నెలల తరబడి రాత్రుళ్ళు నిద్రలేనివారు కొద్ది రోజుల మాత్రలతో తేరుకున్నారు. విషపు ఇంజెక్షన్ల అవసరం పోయింది. తన మందు క్షయ కాని క్షయను కూడా తగ్గిస్తుందని సుబ్బారావు గారికి తెలియకుండానే పోయింది.

వేలూరులో దొరికిన ఆధారం

ఫైలేరియా మందుతో తగ్గుతోంది కాబట్టి ఫైలేరియానే కారణం అయి ఉండాలి. కాని వైద్యశాస్త్రంలో "అయి ఉండాలి" అంటే చాలదు. మన ఫైళ్ళలో లాగానే ఆధారం జతపరచాలి. అక్కడే చిక్కు వచ్చింది. బోదకాలు పురుగు పిల్లలు రాత్రి వేళ రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య శాఖ వారు కోస్తాలో అర్ధరాత్రి ఇంటింటికీ వెళ్ళి వేలి రక్తం తీసేవారు. ట్రాపికల్ ఈసినోఫీలియా రోగుల రక్తం మాత్రం పగలు చూసినా, రాత్రి చూసినా పురుగు పిల్ల కనపడేది కాదు.

1958లో బక్లీ అనే శాస్త్రవేత్త జంతువుల్లో ఉండే ఫైలేరియా పురుగు పిల్లలను, సమ్మతించి ముందుకు వచ్చిన మనిషికి ఎక్కించి చూస్తే, ఇటువంటి లక్షణాలే కనపడ్డాయి. 1960లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు వైద్యులు అసలు ఆధారం చూపించారు. రోగుల ఊపిరితిత్తి, కాలేయం, లింఫు గ్రంథుల నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తే, వాటిలో ఫైలేరియా పురుగు పిల్లలు చిక్కుకొని ఉన్నాయి. వాటి చుట్టూ ఈసినోఫిల్ కణాలు మూగి ఉన్నాయి. ఆ వ్యాసం కూడా "లాన్సెట్"లోనే వచ్చింది.

రక్తంలో కనపడకపోవడానికి కారణం అప్పుడు అర్థమైంది. చాలామందికి బోదకాలు పురుగు సోకినా శరీరం దాన్ని సహిస్తుంది. పురుగు పిల్లలు రక్తంలో తిరుగుతూ ఉంటాయి. కొద్దిమంది శరీరం మాత్రం సహించదు. రక్తంలోకి వచ్చిన పిల్లను వచ్చినట్టే ఊపిరితిత్తుల్లో పట్టుకొని చంపేస్తుంది. ఆ పోరాటంలో గాలి గొట్టాలు వాచి, బిగుసుకొని, ఉబ్బసం లాగా ఆయాసం, దగ్గు వస్తాయి. అంటే రోగిని బాధపెట్టేది పురుగు కన్న, పురుగు మీద శరీరం చేసే అతి యుద్ధం. దగ్గు తెల్లవారుజామున ఎక్కువగా రావడం ఈ జబ్బు లక్షణం. ఆడవారికన్న మగవారిలో, అందులోనూ యువకుల్లో, నడివయసు వారిలో ఎక్కువ.

మదనపల్లెలో మొదలైన ఫైలుకు వేలూరులో ఆధారం జతపడడానికి 20 ఏళ్ళు పట్టింది. రెండు ఊళ్ళూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి.

మా ఆఫీసులో ఒక సెలవు ఫైలు

ఇదంతా పుస్తకాల సంగతి అనుకోకండి. 1970 దశకంలో మన జిల్లాలో కరువు పనులు జోరుగా జరుగుతున్న కాలంలో, కోస్తా నుంచి డెప్యుటేషన్ మీద ఒక ఓవర్సీరు మా ఆఫీసుకు వచ్చాడు. పెళ్ళి కాని కుర్రవాడు. పగలంతా చెరువు కట్టల మీద ఎండలో తిరిగి చక్కగా పనిచేసేవాడు. రాత్రి రెండు గంటలకు మొదలుపెట్టి తెల్లవారేదాకా దగ్గేవాడు. మనిషి చిక్కిపోయాడు. ఒక ఊళ్ళో డాక్టరు ఎక్స్‌రే తీయించి, తెమడ చూడకుండానే క్షయ అని వ్రాసి ఇచ్చాడు.

ఆ కాగితం మా ఆఫీసుకు వచ్చిన రోజు నుంచి అతని గ్లాసు వేరైంది. అతను కూర్చున్న కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు. సొంత ఊళ్ళో నడుస్తున్న పెళ్ళి మాటలు ఆగిపోయాయని తానే నాతో చెప్పాడు. అతను అద్దెకున్న ఇంటి ముసలమ్మ మంచిదే గాని, ఒకరోజు గడపలో నిలబడి, "ఏమనుకోవద్దు నాయనా, రాత్రంతా దగ్గుతాండావు, ఇంట్లో పసిబిడ్డలుండారు, యాడన్నా వేరే రూము చూసుకో" అంది. అతను ఏమీ అనలేక, "సరేనండి అవ్వా" అన్నాడు.

సెలవు సెక్షను నాది. క్షయ అని ధ్రువపత్రం ఉంటే సెలవు నిబంధనలు వేరు, దీర్ఘ సెలవుకు అవకాశం ఉంటుంది. ఫైలు తయారు చేస్తుండగానే అతను ఇంకొక ఊళ్ళోని పెద్ద ఆస్పత్రికి వెళ్ళి చూపించుకున్నాడు. అక్కడివారు మూడుసార్లు తెమడ పరీక్ష చేశారు, రక్తంలో కణాలు లెక్కపెట్టారు, నీ సొంత జిల్లా ఏదని అడిగారు. రెండో ధ్రువపత్రంలో "ట్రాపికల్ ఈసినోఫీలియా" అని ఉంది. మూడు వారాల హెట్రజాన్ మాత్రలు. పది రోజులకే రాత్రి దగ్గు ఆగిపోయింది. నెల తిరక్కుండా డ్యూటీలో చేరాడు.

ఆ రెండు ధ్రువపత్రాలూ ఒకే ఫైల్లో, ఒకదాని కింద ఒకటి, నా చేతుల మీదుగా పోయాయి. మనిషి అదే, ఎక్స్‌రే అదే. మొదటి కాగితం మీద ఉన్న రెండు మాటలు అతన్ని ఇంటి నుంచి బయటకు పంపాయి. రెండో కాగితం మీద ఉన్న రెండు మాటలు మళ్ళీ మనుషుల్లోకి తెచ్చాయి. ముసలమ్మ తానే కబురు పెట్టి రూము తాళం చెవి మళ్ళీ ఇచ్చింది. ఆ రెండో పేరు వైద్యపుస్తకాల్లో ఉండడానికి 1940 నాటి మదనపల్లె వ్యాసం నాంది అని నాకు చాలా ఏళ్ళ తర్వాత చదివితే గాని తెలియలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నిజంగా క్షయ ఉన్న మనిషిని అయినా అట్లా వెలివేయడం న్యాయం కాదు. మద్రాసులో 1956లో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం వారు, రోగి ఆస్పత్రిలో ఉండి మందు తిన్నా ఇంట్లో ఉండి తిన్నా గుణం ఒకటేనని, ఇంట్లోవారికి అంటుకునే ప్రమాదం అందువల్ల పెరగదని, 1959 నాటికే నిరూపించారు. ఆ పరిశోధనతో ప్రపంచమంతటా శానిటోరియాల అవసరం తగ్గింది. ఆరోగ్యవరం కూడా క్రమంగా అన్ని జబ్బులకూ వైద్యం చేసే ఆస్పత్రిగా మారింది.

తర్వాత తెలిసిన సంగతులు

మందు దొరికింది, కథ ముగిసింది అనుకుంటే పొరపాటు. ఆ మద్రాసు కేంద్రంలోనే 1980 దశకంలో విజయన్ గారు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి ఒక కొత్త పద్ధతిలో పరిశోధన చేశారు. సన్నని గొట్టం ఊపిరితిత్తిలోకి పంపి, కాస్త ఉప్పునీరు వదిలి, తిరిగి లాగి, ఆ నీటిలో కణాలు లెక్కపెట్టారు. రోగుల ఊపిరితిత్తుల్లో ఈసినోఫిల్ కణాలు గుంపులుగా ఉన్నాయనీ, మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే బాగా తగ్గిపోతున్నాయనీ 1987లో ప్రకటించారు. అయితే కొందరిలో మూడు వారాల మందు తిన్న తర్వాత కూడా లోపల వాపు కొద్దిగా మిగిలి ఉంటోందని 1990లో వ్రాశారు. అందుకే కొందరికి జబ్బు తిరగబెడుతుంది, మళ్ళీ మందు వాడవలసి వస్తుంది. ఏళ్ళ తరబడి నిర్లక్ష్యం చేస్తే ఊపిరితిత్తులు గట్టిపడి, ఆయాసం శాశ్వతంగా ఉండిపోవచ్చు.

ఇంకొక ప్రమాదం మన వాడుక నుంచి వచ్చింది. ఒకప్పుడు ఈ జబ్బును క్షయ అనుకున్నారు. పేరు ప్రచారం అయిన తర్వాత ప్రతి దగ్గునూ ఈస్నోఫీలియా అనడం మొదలైంది. ఈసినోఫిల్ కణాలు ఉబ్బసంలో కొద్దిగా పెరుగుతాయి. కడుపులో నులిపురుగులున్నా, ఎలర్జీ ఉన్నా పెరుగుతాయి. కాస్త పెరిగినంత మాత్రాన అది ట్రాపికల్ ఈసినోఫీలియా కాదు. షాపులో అడిగి మాత్రలు మింగుతూ కూర్చుంటే, లోపల నిజంగా క్షయ ఉన్నవాడికి విలువైన నెలలు పోతాయి. దగ్గులన్నీ క్షయ కావన్నది ఎంత నిజమో, దగ్గులన్నీ ఈస్నోఫీలియా కావన్నదీ అంతే నిజం. రెంటికీ విరుగుడు ఒకటే, పరీక్ష చేయించిన తర్వాతే పేరు పెట్టడం.

ఫైలేరియాను దేశం నుంచే తీసివేయాలని 2004 నుంచి ప్రభుత్వం ఆ వ్యాధి ఉన్న జిల్లాల్లో ఊరందరికీ ఒకేసారి మాత్రలు మింగించే కార్యక్రమం నడుపుతోంది. అందులో ఇచ్చే ముఖ్యమైన మందు సుబ్బారావు గారి బృందం 1947లో ఇచ్చిన ఆ డైఇథైల్ కార్బమజైనే. ఫైలేరియా తగ్గిన చోట ఈ రాత్రి దగ్గు కూడా తగ్గుతుంది.

మిత్రులకు మనవి

మనమందరం ఆయాసం, దగ్గు పలకరించే వయసులో ఉన్నాము. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ప్రభుత్వ ఆస్పత్రిలో తెమడ పరీక్ష ఉచితంగా చేస్తారు, తప్పక చేయించుకోండి. రాత్రి వేళ దగ్గు, పిల్లికూతలు ఉంటే రక్తంలో ఈసినోఫిల్ కణాల లెక్క కూడా అడగండి. కోస్తా జిల్లాల్లో ఎన్నాళ్ళైనా నివసించి ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి. మీ పిల్లలు అక్కడ ఉద్యోగాల్లో ఉంటే, ఆరోగ్య కార్యకర్తలు తెచ్చే ఫైలేరియా మాత్రలను అవతల పారేయవద్దని చెప్పండి. ఇరుగుపొరుగున ఎవరికైనా క్షయ అని తెలిస్తే వారి గ్లాసు వేరు చేయకండి, మందు మానకుండా చూడండి.

2022లో జిల్లాల విభజనతో మన ముదిగుబ్బ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా రైలు దారి మారలేదు. ఆ దారిన తిరుపతికో, వేలూరుకో వెళ్ళేటప్పుడు మదనపల్లె రోడ్డు స్టేషను వస్తుంది. అక్కడికి కొద్ది దూరంలోనే, తమ ఆస్పత్రికి వచ్చిన రోగి తమ ఆస్పత్రి జబ్బు వాడు కాదని చెప్పిన వైద్యులు పనిచేశారని మనవలకు, మనవరాళ్ళకు ఒకసారి చెప్పండి.

ఇంతటితో సెలవు.

— విశ్రాంత యు.డి.సి., ముదిగుబ్బ